ముందుకెళ్ళాలంటే బంతి వెనక్కివ్వాలి

పేట కబుర్లు – 23



పోయిన వారం లక్షింపేట గురించి రాస్తానని మాటిచ్చాను. రాస్తాను. ఈ వారం మాత్రం ఒక ఆట గురించి. "ఈ వయసులో మీకు ఆటలేంటక్కా" అని నవ్వకండి. ఆఖరిదాకా చదవండి. ఇదీ భూమి గురించే. ఇంకా చెప్పాలంటే, నేను చాలా ఏళ్ళు ఎగ్గొట్టిన ఒక బాకీ గురించి.

2024 సంక్రాంతికి మా పేట గుంట ఒకత్తి భువనేశ్వర్ నుంచి ఇంటికొచ్చింది. అక్కడ నర్సింగ్ చదువుతోంది. వస్తూ వస్తూ సంచిలో ఒక బంతి తెచ్చింది. గుండ్రంగా లేదు, బాతుగుడ్డులా ఉంది. పిల్లలంతా మూగారు. "ఏటప్పా ఇది, నొక్కుకుపోనాదేటి?" అని ఒకత్తి అడిగింది. నొక్కుకుపోలేదు, రగ్బీ బంతి అలాగే ఉంటుంది.

మనకి వింతే గానీ ఇచ్ఛాపురం దాటితే వింత కాదు. ఒడిశా ఆదివాసీ అమ్మాయిలు భారత రగ్బీ జట్టులో ఎప్పటినుంచో ఉన్నారు. భువనేశ్వర్‌లో కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అని ఆదివాసీ పిల్లల పెద్ద రెసిడెన్షియల్ బడి ఉంది. సుమిత్రా నాయక్, హుపి మాఝి లాంటివాళ్ళు అక్కడ ఆట నేర్చుకునే దేశానికి ఆడారు. ఆ బడి నడిచే తీరు మీద గట్టి విమర్శలున్నాయి, అది వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే. మనకి నాలుగైదు గంటల రైలు దూరంలో అమ్మాయిలు ఈ ఆట ఆడి విమానాలెక్కారు. మన పేటకి ఆ బంతి రావడానికి 2024 దాకా పట్టింది.

మామూలు రగ్బీకి జట్టుకి పదిహేను మంది. సెవెన్స్‌కి ఏడుగురే. ఏడు నిమిషాలు, రెండు నిమిషాల విరామం, మళ్ళీ ఏడు నిమిషాలు. ఆట అయిపోయినట్టే. దీన్ని మొదలెట్టినవాడు స్కాట్లాండ్‌లో మెల్‌రోజ్ అనే చిన్న ఊరివాడు, పేరు నెడ్ హేగ్. మాంసం కొట్లో పని నేర్చుకుంటున్న కుర్రాడు. 1883లో వాళ్ళ క్లబ్బుకి డబ్బుల్లేవు. టోర్నమెంట్ పెట్టి డబ్బు పోగేద్దామంటే పదిహేను మందితో ఒక్క మధ్యాహ్నంలో అన్ని మ్యాచులు అవవు. అందుకని మనుషుల్ని తగ్గించి, టైము తగ్గించి ఆడించాడు. లేనితనంలోంచి పుట్టిన ఆట ఇది. మాంసం కొట్టేవాడి బుర్రలోంచి వచ్చిన ఆట 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఇది చెప్తే మా పేట పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

నేను శ్రీకాకుళం టౌన్లో ఉంటాను. ఆదివారాలు పేటకెళ్ళి పిల్లలకి ఇంగ్లీషు, లెక్కలు చెప్తాను. సంక్రాంతి తర్వాత చదువు అయ్యాక అరగంట ఫోన్లో రగ్బీ చూడ్డం అలవాటైంది. అప్పటికే ఆడవాళ్ళ ప్రపంచ సెవెన్స్ సీజన్ నడుస్తోంది. ఎనిమిది ఊళ్ళు, పన్నెండు జట్లు, మగవాళ్ళ పోటీలు ఎక్కడో ఆడవాళ్ళవీ అక్కడే. 2023 డిసెంబర్‌లో దుబాయ్, కేప్‌టౌన్ రెండూ ఆస్ట్రేలియా గెల్చుకుంది. మా పిల్లలు చూడ్డం మొదలెట్టింది జనవరి ఆఖర్లో, పెర్త్ పోటీలతో. ఆస్ట్రేలియాకి అది సొంత ఊరు. ఫైనల్లో ఐర్లాండ్ వాళ్ళని 19–14తో ఓడించింది. ఐర్లాండ్ ఆడవాళ్ళకి అదే మొదటి టైటిల్. "సిన్న జట్టు గెల్సినాది" అని పిల్లలు గెంతారు. వాళ్ళకి ఎప్పుడూ ఏ జట్టు చిన్నదో ముందు తెలియాలి. ఎవరి పక్క ఉండాలో అప్పుడు తేల్చుకుంటారు.

ఆటలో ఒక రూలు వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కలేదు. చేత్తో బంతిని ముందుకి విసరకూడదు. పక్కకి గానీ వెనక్కి గానీ మాత్రమే ఇవ్వాలి. "ముందుకెల్లాల గదా, యెనక్కెందుకిస్తారు?" అని మా అప్ప మనవరాలు దెబ్బలాడింది. తనకి అప్పుడు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. తన పేరు రాయను, చిట్టి అనుకోండి. నర్సింగ్ గుంట నేల మీద పుల్లతో గీసి చూపించింది. బంతి పట్టుకున్నవాళ్ళు ముందుంటారు. అవతలివాళ్ళు వచ్చి పడేస్తారు. పడేలోపు వెనకున్న మనిషికి అందించాలి. ఆ మనిషి దాన్ని పట్టుకుని నిన్ను దాటి ముందుకి పోతుంది. నువ్వు లేచి మళ్ళీ తన వెనక పరిగెట్టాలి. అంతే ఆట. ఒక్కరే ముందుకి పోతానంటే కుదరదు.

ఆ రోజు నాకు అది ఆట రూలులాగే అనిపించింది. ఇంకేమీ అనిపించలేదు. అదే నా సిగ్గు.

ఆడ్డానికి పిల్లలు తయారే. జాగా ఏది? వరి కోసిన మడుల్లో మా వైపు పెసర, మినుము చల్లేస్తారు. అడుగు పెట్టనివ్వరు, పెట్టనివ్వకపోవడం న్యాయమే, అది వాళ్ళ పంట. బడి గ్రౌండులో సాయంత్రాలు ఊరి కుర్రాళ్ళ క్రికెట్. ఆడపిల్లలు, అందులోనూ పేట పిల్లలు, ఓ పక్కన నిలబడి చూడొచ్చు, అంతవరకే. రగ్బీ మైదానం పొడవు 100 మీటర్లు, వెడల్పు 70. ఏడుగురు ఆడినా మైదానం తగ్గదు. లెక్కేస్తే 7,000 చదరపు మీటర్లు. మన లెక్కలో ఎకరా డెబ్భై మూడు సెంట్లు. మా పేట మొత్తం కలిపినా అంత ఉండదు.

ఇక్కడ ఒక మాట. మన ఉత్తరాంధ్ర ఆడపిల్లలు ప్రపంచానికి తెలిసింది బరువులెత్తే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో 53 కిలోల విభాగంలో ఆడింది. మొదట కంచు వచ్చింది. గెలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. వీళ్ళని చూస్తే నాకు గర్వమే. కానీ ఎప్పుడైనా ఆలోచించారా, మన దగ్గర బరువులే ఎందుకు? బరువులెత్తే వేదిక నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. పంతొమ్మిది గజాలు. ఒక పాక చాలు. ఆడవాళ్ళ కబడ్డీ కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు. రెండున్నర సెంట్లలోపే. భూమి లేనివాళ్ళకి ఎంత నేల దొరికితే అంతలో పట్టే ఆటే దొరుకుతుంది. ఇందులో ఒంటి బలం ఒక కారణమైతే, నేల ఇంకో కారణమని నా నమ్మకం.

మాకు దిక్కు నాగావళి. మాఘ మాసం వచ్చేసరికి ఏటి నీరు ఓ పాయకి తగ్గిపోతుంది. మిగతాదంతా ఇసకే. ఆ ఇసకకి కులం లేదు, పట్టా లేదు. పిల్లలు రెండు పక్కలా వెదురు గెడలు పాతారు. పదకొండు మంది చేరారు. పడినా దెబ్బ తగలదు. ఇసకలో పరిగెడితే పిక్కలు గట్టిపడతాయని నర్సింగ్ గుంట ఫోన్లో చెప్పేది. తను సెలవులయ్యాక వెళ్ళిపోయింది, బంతి వదిలేసి.

ఫిబ్రవరిలో ఊళ్ళోంచి ఒక అమ్మాయి వచ్చింది. చిట్టి క్లాసే. ఈ ఆటలో మనిషిని తాకకుండా ఆడలేవు. నడుం పట్టుకోవాలి, కాళ్ళు పట్టుకోవాలి, మీద పడాలి. ఒకళ్ళ చెమట ఒకళ్ళకి అంటుకుంటుంది. మా అమ్మ తరం ఊళ్ళో నీళ్ళు దోసిట్లో పోయించుకుని తాగింది. ఆ ఊరి పిల్లని మా పేట పిల్ల నడుం పట్టి ఇసకలో పడేసింది. లేచి ఇద్దరూ నవ్వుకున్నారు. సాయంత్రం ఇంటికెళ్తే వాళ్ళ నాయనమ్మ గుమ్మం బయటే నిలబెట్టి తలమీద నీళ్ళు గుమ్మరించిందట. మర్నాడు ఇక రాదనుకున్నాం. తడి జడతో వచ్చింది. "రోజూ పోస్తే పోస్తాది, ఎండలు గదా" అంది. మిత్రులారా, నేను కులనిర్మూలన మీద ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో లెక్కలేదు. అంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

సీజన్ నడుస్తూనే ఉంది. వాంకూవర్, లాస్ ఏంజెలెస్, హాంకాంగ్, సింగపూర్ నాలుగూ న్యూజిలాండ్ వాళ్ళవే. లీగ్ టైటిల్ వాళ్ళకే వచ్చింది. జూన్ మొదట్లో మాడ్రిడ్‌లో ఆఖరి పోటీ ఆస్ట్రేలియా గెలిచింది. ఫిజీ జట్టు ఆడుతుంటే పిల్లలు అది ఏ దేశమని అడిగారు. చెప్పాను. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకి కూలీల్ని ఎక్కించుకుపోయిన ఓడల్లో మన విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళూ ఉన్నారని. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేదని. ఆ ఆటగత్తెలు ఎక్కువగా అక్కడి మూలవాసులే, మనవాళ్ళ మునిమనవరాళ్ళు కాదు. అయినా పిల్లలకి ఫిజీ అంటే అభిమానం కుదిరిపోయింది. "అప్పుడు ఓడెక్కినారు, ఇప్పుడు రైలెక్కతన్నారు" అంది చిట్టి. ఆ మాట ఊరికే అనలేదు. వాళ్ళ అమ్మానాన్నా అప్పటికే చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్ళిపోయారు.

మే నెలలో, పోలింగ్ అయిన వారానికి, మా అప్ప టౌనుకి నా ఇంటికొచ్చింది. సంచిలో మామిడికాయలు తెచ్చింది. మంచినీళ్ళు తాగి నెమ్మదిగా అడిగింది.

"అమ్మీ, ఆ గుంటని నీకాడ ఉంచుకోయే. పదో తరగతి ఇక్కడ సదువుతాది. ఆల నాన్న సెన్నై తీసుకుపోతానంటన్నాడు. తమ్ముడ్ని సూసుకోడానికి మనిషి లేదట."

నేను వెంటనే సరే అనలేదు. రెండు గదుల ఇల్లప్పా అన్నాను. మా అమ్మాయికి ఇంటర్ రెండో ఏడు అన్నాను. ఇంటివాళ్ళు మనిషి ఎక్కువైతే అద్దె పెంచుతారన్నాను. ఎలక్షన్ రిజల్ట్ రానీ, బడులు తెరవనీ, చూద్దాం అన్నాను. ఒక్కొక్కటీ నిజమే. అన్నీ కలిపితే అబద్ధం. అప్ప ఏమీ అనలేదు. "సర్లే, సూడు" అని లేచి బస్సుకి వెళ్ళిపోయింది. జూన్‌లో బడులు తెరిచారు. చిట్టి చెన్నై వెళ్ళిపోయింది. నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఆదివారం వెళ్తే పిల్లల్లో తను లేదు.

జూలైలో వానలకి ఏట్లో నీరొచ్చింది. గెడలు కొట్టుకుపోయాయి. పిల్లల మైదానం పోయింది.

జూలై 30 రాత్రి పారిస్‌లో ఒలింపిక్ ఫైనల్. సగం ఆటకి కెనడా 12–7తో ముందుంది, చివరికి న్యూజిలాండ్ 19–12తో గెలిచింది. టోక్యోలో కంచు గెల్చుకున్న ఫిజీ ఇక్కడ ఆఖరున మిగిలింది. అంతకుముందు కంచు కోసం ఆస్ట్రేలియా, అమెరికా ఆడాయి. టైము అయిపోయింది, అమెరికా 7–12తో వెనకబడి ఉంది. అలెక్స్ సెడ్రిక్ అనే అమ్మాయి తమ గీత దగ్గర బంతి అందుకుని, ఇద్దరి మధ్యలోంచి దూరి, మైదానం ఆ చివరిదాకా పరిగెట్టింది. ఆ పైన కిక్కూ తనే కొట్టింది. 14–12. సెవెన్స్‌లో అమెరికాకి అదే మొదటి పతకం.

ఆగస్టు 4 ఆదివారం, వాన పడుతుంటే, పేటలో కమ్యూనిటీ హాల్లో ఆ పరుగు పిల్లలకి చూపించాను. అప్ప కూడా గుమ్మం దగ్గర కూచుని చూసింది. నేను ఉత్సాహంగా రూలు చెప్పాను. చూడప్పా, ఆ పిల్లకి బంతి ఇచ్చినవాళ్ళు వెనక్కి ఇచ్చారు కాబట్టే తను ముందుకి పోయింది, ఇందులో వెనక్కివ్వకుండా ముందుకెళ్ళడం లేదు అన్నాను.

అప్ప ఫోన్ వైపే చూస్తూ అడిగింది: "నాను నీకిచ్చినాను. నువ్వెవులికిచ్చినావు అమ్మీ?"

తిట్టినట్టు లేదు. నిజంగా తెలుసుకోడానికి అడిగినట్టే ఉంది.

మీకు చెప్పాలి. 1988లో మా నాన్న పోయాడు. అప్ప అప్పుడు తొమ్మిదో తరగతి. మండలంలో వంద మీటర్ల పరుగులో అప్పని దాటినవాళ్ళు లేరు. గెలిచిన స్టీలు గ్లాసు ఇప్పటికీ ఇంట్లో ఉంది. అప్ప బడి మానేసి జూట్ మిల్లులో చేరింది. ఆ కూలితో నేను ఎస్సీ హాస్టల్లో ఉండి చదివాను. నా సబ్బులు, నోటుబుక్కులు, బస్సు చార్జీలు అన్నీ ఆ జనపనార దుమ్ములోంచి వచ్చినవే. రిజర్వేషన్ తలుపు తీసింది. ఆ తలుపు దాకా నన్ను మోసింది అప్ప. ఉద్యోగం వచ్చింది, టౌన్లో ఇల్లు వచ్చింది, మైకు వచ్చింది. 1956 మార్చి 18న ఆగ్రాలో బాబాసాహెబ్ చదువుకున్నవాళ్ళే తనని మోసం చేశారని బాధపడ్డారని నేను ప్రతి ఏప్రిల్ 14న చెప్తాను. చెప్పేటప్పుడు ఎప్పుడూ వేరేవాళ్ళెవరో నా కళ్ళముందు ఉంటారు. పెద్ద ఆఫీసర్లు, ఎమ్మెల్యేలు. రెండు గదుల ఇల్లున్న నేను ఎప్పుడూ గుర్తురాలేదు.

మర్నాడే సెలవు పెట్టాను. ఆమదాలవలసలో చెన్నై రైలెక్కాను. కట్టే బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో చిట్టి దొరికింది. తమ్ముణ్ణి చంకనేసుకుని ఉంది. నన్ను చూసి మొదట అడిగింది ఒకటే: "సిన్నమ్మమ్మా, పారిస్‌లో ఎవులు గెల్సినారు?" వాళ్ళ నాన్నతో రెండు రోజులు మాట్లాడాల్సొచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముణ్ణి ఎవరు చూస్తారన్న ఆయన ప్రశ్న నిజమైనదే. ఆ పిల్లాణ్ణి అప్ప తన దగ్గర పెట్టుకుంది. అంటే యాభై దాటాక కూడా బంతి మళ్ళీ అప్ప చేతికే వెళ్ళింది. అది మీరు గమనించాలి. నేను చేసింది గొప్ప పని కాదు, రెండు నెలలు ఆలస్యంగా చేసిన పని. ఆ రెండు నెలల పాఠాలు తనకి లెక్కల్లో చివరిదాకా తగులుతూనే ఉన్నాయి.

2025లో చిట్టి పది పాసైంది. ఇప్పుడు ఇంటర్. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకి వెళ్ళి పరిగెడుతుంది. అక్కడ రగ్బీ ఆడేవాళ్ళు లేరు. ఒక్కత్తే బంతి చంకలో పెట్టుకుని పరిగెడుతుంటే వాకింగ్‌కొచ్చిన పెద్దమనుషులు వింతగా చూస్తారు. ఏటి ఇసకలో ఆడిన పదకొండు మందిలో ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి. ముగ్గురు వలసపోయారు. తడి జడతో వచ్చిన అమ్మాయి టౌన్లోనే ఇంటర్ చదువుతోంది, ఆదివారాలు మా ఇంటికొస్తుంది, మా ఇంట్లో తింటుంది.

ఈ మధ్యలో దేశంలో ఆట ఆగలేదు. 2024 అక్టోబర్‌లో ఖాట్మండులో ఆసియా ట్రోఫీలో భారత అమ్మాయిలు వెండి గెల్చుకున్నారు. 2025 ఆగస్టులో బిహార్‌లోని రాజ్‌గిర్‌లో అండర్–20 ఆసియా పోటీల్లో కంచు. అదే ఏడు జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ అని డబ్బున్న పోటీ పెట్టారు. హైదరాబాద్ పేరుతో కూడా ఒక జట్టు ఉంది. ఆరు జట్లూ మగవాళ్ళవే. పతకాలు అమ్మాయిలు తెస్తుంటే లీగ్ అబ్బాయిలకి. ఇది మీకు కొత్తగా అనిపిస్తే మన పేటల్లో ఆడవాళ్ళ జీవితం మీకు తెలియదన్నమాట.

2024 జనవరి 19న విజయవాడలో బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. చూసి నేనూ కన్నీళ్ళు పెట్టుకున్నాను. కానీ పేట పక్కన ఒక్క ఎకరా డెబ్భై మూడు సెంట్లు అడిగితే ఏ ఆఫీసులో ఏ ఫైలు కదులుతుందో ఈ ఏడాదిన్నరగా చూస్తున్నాను. మూడు అర్జీలు ఇచ్చాం. నాలుగోది రాస్తున్నాం. ఆ అర్జీ మీద మొదటి సంతకం చిట్టిది.

యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక పని చెప్తాను. ఈ సెలవులకి మీ పేటకెళ్ళినప్పుడు టేపు పట్టుకెళ్ళండి. మీ పేటలో ఆడపిల్లలు పరిగెట్టడానికి ఎన్ని గజాల నేల ఉందో కొలిచి కింద రాయండి. ఊరి పేరు, మండలం రాయండి, పిల్లల పేర్లు వద్దు. లెక్కలన్నీ కలిపి కలెక్టర్ల దగ్గరికి పట్టుకెళ్దాం. ఆ తర్వాత, ఎవరికీ చెప్పక్కర్లేదు, ఒక్కసారి వెనక్కి చూడండి. మీకు బంతి ఇచ్చి పడిపోయిన మనిషి ఎవరో మీకు తెలుసు. మీ వెనక చేతులు చాచుకుని పరిగెడుతున్నది ఎవరో కూడా తెలుసు.

నాకు తెలిసి కూడా తెలియనట్టు నటించాను. మీరు నటించకండి.

లక్షింపేట గురించి వచ్చే ఆదివారం.

జై భీమ్.